జింకల సీమ పిల్లలకు ఏ కథలిద్దాం?

*పడమటి కర్నూలు పిల్లలు జంతువుల నడుమే పెరుగుతారు. సుగ్గికి, అంటే వలస కూలి పనులకు పోతారు, బడి మానుతారు, మళ్లీ చేరుతారు. అలాంటి పిల్లల చేత ఒక పుస్తకాన్ని చివరి పేజీ దాకా చదివించే శక్తి జంతువుల సాహస కథలకుంది. ఈ వేసవి సెలవుల్లో ఏవి చదివించాలి? ఎలా వినిపించాలి?*

ఏప్రిల్ నెల. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గుంటూరు మిరప తోటల దగ్గర రాత్రి బయలుదేరిన మినీ లారీ ఎమ్మిగనూరు దాటి ఆదోని దారి పట్టింది. వెనక ఎండుమిర్చి సంచులు, వంట గిన్నెలు, మడత పెట్టిన పట్టలు. వాటి మీద దుప్పట్లు ముసుగేసుకుని ఆడవాళ్లు, పిల్లలు. మూడు నెలల సుగ్గి ముగించుకుని ఊరికి తిరిగొస్తున్న కుటుంబాలవి.

ఉన్నట్టుండి డ్రైవరు బ్రేకు వేశాడు. సంచుల మీద పడుకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు ఒరిగారు. లైట్ల వెలుగులో జింకలు రోడ్డు దాటుతున్నాయి. ముందు ఒక ఆడజింక, దాని వెంట ఇంకో పది పన్నెండు. అన్నీ దాటాక గట్టు మీద ఒక్కటి మిగిలింది. ఒళ్లంతా నలుపు, పొట్ట తెలుపు, మెలి తిరిగిన పొడవాటి కొమ్ములు. అది లారీ వైపు ఒక్క క్షణం చూసి ఎగిరింది. రోడ్డులో సగం దూరం గాల్లోనే దాటేసి అవతలి నల్లరేగడిలో మాయమైంది.

"నాయనా, అది అంత పైకి ఏంటికి ఎగిరె?" తొమ్మిదేళ్ల పిల్లవాడు లేచి కూర్చున్నాడు.

"బెదిరింటాదిలే, పండుకో."

"మన సేను మేసేవి ఇవేరా," అంది పక్కనుంచి అవ్వ.

పిల్లవాడు పడుకోలేదు. ఆదోని మిల్లుల గొట్టాలు కనపడే దాకా పొలాల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ పూట వాడి దగ్గర ఒక ప్రశ్న ఉంది. దాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్లే పుస్తకం మాత్రం వాడి ఇంట్లో లేదు.

ఇది పడమటి మండలాల్లో ఏటా జరిగేదే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి పంట పనులు అయిపోగానే కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని మిరప కోతలకో, బెంగళూరు కట్టడం పనులకో కదులుతాయి. పిల్లల్ని ఆపడానికి సర్కారు సీజనల్ హాస్టళ్లు పెడుతుంది. కొందరు ఆగుతారు, చాలామంది అమ్మానాన్నల వెంటే వెళతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి, చదివే అలవాటు వెనక్కి పోయి ఉంటుంది. అంతలో వేసవి సెలవులు. ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో ఎక్కడ చూసినా ఒకటే మాట: పిల్లల చేతిలోంచి ఫోను ఎలా తీసేది? తీశాక ఆ చేతిలో ఏం పెట్టేది?

పెట్టాల్సింది కథల పుస్తకమే. అందులోనూ ముందుగా జంతువులు పరుగెత్తే, పోరాడే, తప్పిపోయి దారి వెతుక్కునే కథలు. ఇక్కడి పిల్లలకు అవి అందరికంటే బాగా అర్థమవుతాయి.

పంటను మేసే అందం

ఈ ప్రాంతం గురించి మాట్లాడితే కరువు, వలస, పత్తి మార్కెట్ అంటాం. ఆదోని యార్డు రాష్ట్రంలోనే పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. ఎమ్మిగనూరు అంటే మగ్గాలు. కానీ పిల్లల లెక్కలో ఈ నేలకు ఇంకో జనాభా ఉంది.

ఆదోని, ఆస్పరి, ఆలూరు, పత్తికొండ చుట్టూ నల్లరేగడి మైదానాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ దీన్ని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, వేటాడితే జైలే. రైతుకు మాత్రం అది వేరే రూపంలో కనిపిస్తుంది. పత్తి, వేరుశనగ, కంది మొలకెత్తిన వారం పది రోజుల్లో జింకల మంద ఒక రాత్రి చేను మీద పడిందంటే మళ్లీ విత్తనం కొనాల్సిందే. అందుకే పొలం చుట్టూ పాత చీరలు కడతారు, డబ్బాలు మోగిస్తారు, రాత్రుళ్లు చేలోనే పడుకుంటారు. ఆ కావలికి నాయన వెంట పిల్లలూ వెళతారు.

అంటే ఇక్కడి పిల్లవాడికి జింక మీద రెండు భావాలుంటాయి. దాని దూకుడు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. పొద్దున్నే చేను చూస్తే కడుపు మండుతుంది. ఈ రెండూ నిజమే. 'జింక సాధు జంతువు, గడ్డి తింటుంది' అని రెండు వాక్యాలతో ముగిసే పాఠం ఆ పిల్లవాడి అనుభవానికి చాలదు. జంతువుకూ ఆకలి ఉంటుంది, మనిషికీ ఉంటుంది, ఇద్దరూ ఒకే నేల మీద బతకాలి అన్న చిక్కును దాచకుండా చెప్పే కథ కావాలి.

జింకలతో పాటు తోడేళ్లూ ఉన్నాయి. మన తోడేలు దట్టమైన అడవి జంతువు కాదు. పొదలు, బీళ్లు, గొర్రెల మందలు ఉన్న చోటే బతుకుతుంది. దేశం మొత్తంలో మిగిలినవి సుమారు 3 వేలేనని అంచనా. కురువల మందలు పొలాల్లో నిలిపిన రాత్రుళ్లు కంబళి కప్పుకుని కాపలా కాసే గొర్రెల కాపరికి దాని అడుగు చప్పుడు తెలుసు, కుక్కల మొరుగుడులో తేడా తెలుసు. దేవరగట్టు వైపు వెళితే ఎలుగుబంటి బొచ్చు టోపీ పెట్టుకున్న గొరవయ్యలనే శివభక్తులు కనిపిస్తారు. ఇక జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకు వెళితే ఎద్దుల సంత. నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పడం అక్కడ పదేళ్ల పిల్లలకూ వచ్చు. బండలాగుడు పోటీల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. ఏ జత ఏ ఊరిది, ఏ బండ ఎంత దూరం లాగింది అని వాళ్లు గడగడా చెబుతారు.

ఇంత తెలిసిన పిల్లల్ని పట్టుకుని 'వీళ్లకు చదువు మీద ఆసక్తి లేదు' అనడం అన్యాయం. వాళ్ల ఆసక్తి ఉన్న చోటికి మనమే పుస్తకాన్ని తీసుకెళ్లలేదు.

> జింక ఎందుకంత ఎత్తు ఎగురుతుంది?
>
> ప్రమాదం పసిగట్టిన కృష్ణజింక నాలుగు కాళ్లూ నేల వదిలి పైకి దూకుతుంది. మందలో మిగతావాటికి అది హెచ్చరిక. వేటాడే జంతువుకు 'నేను బలంగా ఉన్నాను, నన్ను పట్టుకోలేవు' అన్న కబురు.
>
> గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఒకప్పుడు ఈ మైదానాల్లో దాని వెంటపడిన అసలు వేటగత్తె చీతా. రాజులు, నవాబులు చీతాలను మచ్చిక చేసి జింకల వేటకు వాడేవారు. 1952లో మన దేశంలో చీతా అంతరించిపోయిందని ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు.
>
> కొమ్ములుండేది మగవాటికి. వయసు పెరిగేకొద్దీ మగజింక ఒళ్లు నల్లబడుతుంది. తల్లి పుట్టిన పిల్లను కొన్నాళ్లు గడ్డిలో దాచిపెట్టి మేతకు వెళుతుంది.

వేటగాడు వచ్చేలోపు వల తెగుతుందా?

మనకు జంతువుల కథలు కొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రచురించిన 'నీతిచంద్రిక'తో తరతరాల తెలుగు పిల్లలు చదువుకున్నారు. అందులోని మిత్రలాభాన్ని ఒకసారి పిల్లల కళ్లతో చూడండి. పావురాల రాజు చిత్రగ్రీవుడు తన పరివారంతో వలలో పడతాడు. అందరూ ఒక్కసారిగా రెక్కలు కొట్టి వలతో సహా ఎగిరిపోతారు. ఎలుక హిరణ్యకుడు పళ్లతో వల కొరుకుతాడు. తర్వాత చిత్రాంగుడనే జింక వలలో చిక్కుతుంది. కాకి పైనుంచి చూస్తుంది, ఎలుక పరుగున వస్తుంది, వేగంగా నడవలేని తాబేలు కూడా స్నేహితుడి కోసం వచ్చి వేటగాడి చేతికి దొరుకుతుంది.

ఇది అచ్చమైన సాహస కథ. వేటగాడు వచ్చేలోపు వల తెగుతుందా లేదా అన్నదే పిల్లలకు కావాలి. మనం మాత్రం అక్కడ ఆపి, 'ఇందులోని నీతి ఏమిటి?' అని అడుగుతాం. మార్కులు వేస్తాం. కథ అంతటితో ప్రాణం విడుస్తుంది. పడమటి మండలాల్లోనే కాదు, ఎక్కడైనా పిల్లలు చదువుకు దూరం కావడంలో ఈ ప్రశ్నకు పెద్ద వాటా ఉందని నా నమ్మకం. నీతి అడగొద్దు. 'తర్వాత ఏమైంది?' అని వాళ్లు అడిగితే మాత్రం పేజీ తిప్పండి.

1947 జూలైలో మొదలైన చందమామకు ఈ రహస్యం తెలుసు. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' నుంచి 'భల్లూక మాంత్రికుడు' దాకా రాసిన సీరియళ్లలో ప్రతి నెలా కథ ఒక ప్రమాదం అంచున ఆగేది. చిత్రకారుడు చిత్ర గీసిన వింత మృగాలు, కొండలోయలు చూసి నెల రోజులు కలలు కన్న పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. ఆదోని, ఎమ్మిగనూరు బస్టాండుల దగ్గర చందమామ కొన్న తరం ఇంకా మన మధ్యే ఉంది. పిల్లలకు ఏం చదివించాలో తెలియక తికమకపడే తల్లిదండ్రులు ముందు వాళ్లను అడగాలి.

ఇంకో ఇబ్బంది ఇక్కడ ప్రత్యేకం. సరిహద్దు పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది కన్నడం. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో ఎన్నో ఇళ్లలో ఉర్దూ. బడిలో తెలుగు, దాని పక్కన ఇంగ్లీషు. పదం పదం కూడబలుక్కుని చదివే పిల్లవాడిని వర్ణనలు, ఉపన్యాసాలు భయపెడతాయి. జంతు సాహస కథలో పని ఎక్కువ, మాట తక్కువ. కుక్క పరుగెత్తింది. మంచు విరిగింది. నీళ్లలో పడింది. ఈదింది. తెలియని పదం ఒకటి వచ్చినా కథ జారిపోదు, ఎందుకంటే కుక్క బతికిందా లేదా తెలుసుకునే దాకా పిల్లవాడు వదలడు.

పోవడం, తిరిగి రావడం

ఏవి చదివించాలి అంటే నేను ముందు చెప్పే పేరు ధన్‌గోపాల్ ముఖర్జీది. కలకత్తా దగ్గర పుట్టి అమెరికా వెళ్లిన ఈ రచయిత ఇంగ్లీషులో రాసిన పావురం కథ 1928లో అమెరికా పిల్లల సాహిత్యంలో అతి గొప్పదైన న్యూబెరీ పతకం గెలిచింది. ఆ పావురం పేరు చిత్రగ్రీవ. మన మిత్రలాభంలోని పావురాల రాజు పేరే. తెలుగులో 'చిత్రగ్రీవం' పేరుతో వచ్చింది. కలకత్తా మేడ మీద పుట్టిన పిల్ల పావురం ఎగరడం నేర్చుకుంటుంది, డేగ నుంచి తప్పించుకుంటుంది, హిమాలయాలు చూస్తుంది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లి గుండ్ల వానలో కబుర్లు మోస్తుంది. గాయపడి ఇల్లు చేరుతుంది. కానీ దానికిప్పుడు ఎగరాలంటే భయం. ఆ భయం ఎలా పోయిందన్నది పుస్తకంలో చివరి భాగం, నా దృష్టిలో అన్నిటికంటే విలువైన భాగం. ఊరు విడిచి పోయి, తెలియని చోట నెలలు గడిపి, తిరిగొచ్చి తరగతిలో వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చునే పిల్లవాడికి ఈ పావురం తోడు కావాలి.

అదే కారణంతో జాక్ లండన్ 1903లో రాసిన బక్ అనే కుక్క కథ. కాలిఫోర్నియాలో ఒక పెద్ద ఇంట్లో హాయిగా పెరిగిన కుక్కను డబ్బు కోసం ఎవరో దొంగతనంగా అమ్మేస్తారు. అది ఉత్తరాది మంచులో బళ్లు లాగే పనిలో పడుతుంది. దెబ్బలు, ఆకలి, సాటి కుక్కలతో పోరు. తెలియని ఊళ్లో, తెలియని మేస్త్రీ కింద పని అంటే ఏమిటో సుగ్గి పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు. లండన్ స్వయంగా 1897లో బంగారం వేటలో అక్కడికి వెళ్లి కష్టాలు పడ్డవాడు. ఆ చలి పుస్తకంలో తగులుతుంది. ఈ పుస్తకం పన్నెండేళ్లు దాటినవాళ్లకు. దెబ్బల ఘట్టాలు చిన్నపిల్లలకు బరువు.

ఎద్దుల సంతకు వెళ్లే పిల్లలకు అన్నా సీవెల్ రాసిన 'బ్లాక్ బ్యూటీ' వినిపించండి. 1877లో వచ్చింది. గుర్రం తన కథ తానే చెబుతుంది: మంచి యజమాని, చెడ్డ యజమాని, బరువు బండ్లు, నోట్లో బిగించిన కళ్లెం. చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలి నడవలేక గుర్రపు బండ్ల మీదే ఆధారపడిన సీవెల్, మంచం మీద ఉండి ఈ ఒక్క నవలే రాసింది. అచ్చయిన కొన్ని నెలలకే చనిపోయింది. ఆ పుస్తకం చదివిన జనం గుర్రాల తల పైకెత్తి కట్టే పగ్గాన్ని ప్రశ్నించారు, ఆ అలవాటు క్రమంగా తగ్గింది. బండలాగుడు ఎద్దు తన కథ తాను చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఎమ్మిగనూరు పిల్లలు ఊహించి రాయగలరు. రాయించి చూడండి.

చిన్నవాళ్లకు, అంటే ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లకు, కిప్లింగ్ 1894 నాటి 'జంగిల్ బుక్'లోని ముంగిస కథ చాలు. ఇంట్లోకి పాము, దాన్ని ఎదిరించే ముంగిస. గడ్డివాముల దగ్గర ముంగిసను చూడని పల్లె పిల్లవాడు ఉండడు. మౌగ్లీని సినిమాలో చూసినవాళ్లకు కూడా ఈ కథ కొత్తగా ఉంటుంది. కొంచెం పెద్దవాళ్లకు షీలా బర్న్‌ఫోర్డ్ రాసిన 'ఇన్‌క్రెడిబుల్ జర్నీ': రెండు కుక్కలు, ఒక పిల్లి కలిసి కెనడా అడవుల్లో వందల మైళ్లు నడిచి ఇల్లు చేరతాయి. అస్సాం రచయిత అరూప్ కుమార్ దత్తా 'కాజిరంగా ట్రెయిల్'లో ముగ్గురు అబ్బాయిలు ఖడ్గమృగాల దొంగవేటగాళ్ల వెంటపడతారు. అందులో సాహసం పిల్లలది, ప్రాణం జంతువుది.

కన్నడం తెలిసిన ఇళ్లకు ఇంకో అదృష్టం ఉంది. మూడిగెరెలో ఉండి రాసిన పూర్ణచంద్ర తేజస్వి పుస్తకాలు. 1980 నాటి ఆయన 'కర్వాలో' ఒక ఎగిరే బల్లి కోసం పడమటి కనుమల్లో సాగిన వెతుకులాట. తెలుగులోకీ వచ్చింది. కెన్నెత్ ఆండర్సన్ అడవి కథల్ని తేజస్వి కన్నడంలోకి తెచ్చారు. అమ్మ కన్నడంలో చదివి వినిపిస్తే, పిల్లవాడు తెలుగులో తిరిగి చెప్పొచ్చు. రెండు భాషలూ బాగుపడతాయి.

> మన కొండల్లో పులి
>
> బెంగళూరులో బతికిన కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) వేట కథల్లో మన ఊళ్లు చాలా ఉన్నాయి. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలోనే చిత్తూరు వైపు చామల లోయ పులి కనిపిస్తుంది, తిరుపతి దగ్గరి మామండూరు పులి తర్వాతి పుస్తకంలో వస్తుంది. గుంతకల్లు, నంద్యాల మీదుగా నల్లమల దాటే రైలు మార్గంలోని చెలమ, బసవాపురం, దిగువమెట్ట స్టేషన్ల చుట్టూ తిరిగే పులి కథా రాశారు.
>
> పులి మనుషుల మీదికి ఎందుకు తిరిగింది అన్న ప్రశ్నను ఆండర్సన్, ఆయనలాగే వేట కథలు రాసిన జిమ్ కార్బెట్ ఇద్దరూ వదలరు. తుపాకీ గాయమో, ముళ్లపంది ముల్లో, ముసలితనమో కారణంగా దొరుకుతుంది. తర్వాతి కాలంలో ఇద్దరూ పులుల రక్షణ కోసం గొంతెత్తారు.

చచ్చిపోతే ఏడుస్తారు కదా!

ఈ కథల్లో జంతువులు చనిపోతాయి. అందుకే చాలామంది పెద్దలు వీటిని పక్కన పెడతారు. ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ 1898లో ప్రచురించిన పుస్తకంలో లోబో అనే తోడేలు ఉంది. న్యూమెక్సికోలో పశువుల మందలను దోచిన దాన్ని పట్టుకోవడానికి విషం పెట్టారు, ఉచ్చులు వేశారు. దొరకలేదు. చివరికి సీటన్ దాని జోడు తోడేలు బ్లాంకాను పట్టి చంపాడు. లోబో ఆమె కోసం వెతుక్కుంటూ వచ్చి ఉచ్చులో పడింది. వేటాడిన మనిషే ఆ కథ రాశాడు. దాని చావు చూశాక సీటన్ చేయి తోడేలును కాపాడటానికే కలం పట్టింది.

పోయిన మేకపిల్ల కోసం ఏడ్చిన పిల్లలకు ఈ కథ భారం కాదు. తోడేలు తమ మందను పట్టుకుపోయిందని తిట్టే తాత ఇంట్లోనే ఉంటాడు. ఆ తాత కోపం కూడా కథలో ఉంది, తోడేలు దుఃఖమూ ఉంది. ఇంటిల్లిపాదీ కూర్చుని వినదగ్గ కథ ఇది. పిల్లవాడు ఏడిస్తే ఏడవనివ్వండి. పక్కన మీరు ఉండండి, అంతే. పదేళ్ల లోపువాళ్లకు మాత్రం ముందు మీరు చదివి, వాళ్ల మనసు తెలిసినవాళ్లుగా నిర్ణయించండి.

నేను వద్దనేది వేరే రకం పుస్తకాలను. నక్క ఎప్పుడూ మోసగత్తె, తోడేలు ఎప్పుడూ దుర్మార్గురాలు, పాము కనపడగానే చంపాల్సింది అని నేర్పేవి. రంగుల బొమ్మలు నిండుగా వేసి, సింహాన్ని దట్టమైన అడవిలో పులి పక్కన కూర్చోబెట్టేవి. చదివే పిల్లవాడికి గొర్రె ఎలా దగ్గుతుందో కూడా తెలుసు. వాడికి అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. ఒకసారి పుస్తకం అబద్ధం చెప్పిందని తెలిస్తే మళ్లీ నమ్మడం కష్టం.

మన తోడేలు కథ ఎవరు రాస్తారు?

ఇన్ని పేర్లు చెప్పాక ఒక లోటు కనిపిస్తుంది. కాలిఫోర్నియా కుక్క ఉంది, కెనడా పిల్లి ఉంది, న్యూమెక్సికో తోడేలు ఉంది. ఆలూరు బీళ్ల తోడేలు, ఆస్పరి జింక, ఆరు పళ్ల ఎద్దు పుస్తకాల అరలో ఎక్కడున్నాయి? మిడుతూరు దగ్గర రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమే ప్రకటించారు. నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి, దాన్ని నక్కల నుంచి, కుక్కల నుంచి, పశువుల గిట్టల నుంచి కాపాడుకునే ఆ బరువైన పక్షి దేశం మొత్తంలో ఇప్పుడు నూట యాభై లోపే. అంతకు మించిన సాహస కథ ఉంటుందా? పిల్లల కోసం దాన్ని నవలగా రాసి ప్రతి బడికీ పంపాల్సిన పని మన ముందే ఉంది.

రాయలసీమలో ఈ దిశగా నడిచినవాళ్లున్నారు. కర్నూలులో డాక్టర్ ఎం. హరికిషన్ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సీమ జానపద కథల్ని పిల్లలకు వాళ్ల యాసకు దగ్గరగా అందించారు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి ప్రకృతి బడి నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పత్రికలో పెద్దల కథల పక్కనే పిల్లలు రాసిన కథలూ అచ్చయ్యాయి. హైదరాబాదు 'మంచి పుస్తకం' తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు వేస్తోంది, అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి పిల్లల నవలల పోటీలు పెడుతోంది. ఆ పోటీకి కోసిగి నుంచో, హొళగుంద నుంచో ఒక టీచరు గొర్రెల మంద నవల పంపితే చదవాలని నాకు ఎంతో ఆశ.

ముడిసరుకు ఊరి నిండా ఉంది. గొర్రెల కాపరిని అడగాలి: తోడేలు వచ్చిన రాత్రి కుక్క ఏం చేసింది? ఎద్దుల రైతును అడగాలి: అమ్మేసిన ఎద్దు తాడు తెంపుకుని తిరిగొచ్చిందా? చేను కావలి కాసిన అవ్వను అడగాలి: జింక పిల్ల దొరికితే ఏం చేశావు? అయిదో తరగతి పిల్లలు ఈ ప్రశ్నలు పట్టుకుని వెళ్లి జవాబులు రాసుకొస్తే ఒక్క వేసవిలో బడికో పుస్తకం తయారవుతుంది. అందులో తప్పులుంటాయి, ఉండనివ్వండి. తమ నాయన మాట అచ్చు అక్షరాల్లో చూసుకున్న పిల్లవాడు దాన్ని ఎన్నిసార్లు చదువుతాడో చూడండి.

చదివి వినిపించే గొంతు

తెలుగునాట గ్రంథాలయోద్యమాన్ని నడిపించిన పెద్దల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో పుట్టింది కర్నూలులోనే. ఆ ఊరి జిల్లాలో గ్రంథాలయం పిల్లలకు దూరం కావడం బాధాకరం. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. అది మన డబ్బు. శాఖా గ్రంథాలయాలకు వెళ్లి పిల్లల పుస్తకాలు ఎన్నున్నాయి, ఏ అల్మరాలో ఉన్నాయి, తాళం ఎవరి దగ్గర ఉంది అని అడిగే హక్కు మనకుంది. వేసవి విజ్ఞాన శిబిరాలు పెట్టినప్పుడు చిత్రలేఖనం, చదరంగంతో పాటు రోజూ ఒక అరగంట కథ చదివి వినిపించమని కోరాలి. బడుల్లో 2020లో మొదలైన 'చదవడం మాకిష్టం' కార్యక్రమంతో వచ్చిన పుస్తకాలు బీరువాల్లో ఉంటే బయటికి తీయించాలి.

ఇంట్లో అయితే పుస్తకం కన్నా ముందు గొంతు కావాలి. అమ్మకు చదువు రాకపోతే అక్క చదువుతుంది. తెలుగులో దొరకని పుస్తకాన్ని ఇంటర్ చదివే అన్న ఇంగ్లీషులో చదివి నోటితో చెబుతాడు. ఫోను ఇంట్లోనే ఉంటుంది కాబట్టి, అదే ఫోనులో కథ చదివి రికార్డు చేసి సుగ్గికి పోయిన తమ్ముడికి పంపొచ్చు. ఒకేసారి పుస్తకమంతా వద్దు. డేగ పైన తిరుగుతున్న చోట ఆపేయండి. మర్నాడు వాళ్లే పుస్తకం తెచ్చి చేతిలో పెడతారు.

> వయసును బట్టి
>
> 5–7 ఏళ్లు: పెద్ద బొమ్మలు, పేజీకి రెండు మూడు వాక్యాలు. మాట్లాడే జంతువులు, పంచతంత్రం. నీతి ప్రశ్నలు వద్దు.
>
> 8–10 ఏళ్లు: కిప్లింగ్ ముంగిస, మౌగ్లీ. ఊరి జంతువుల మీద సొంత కథలు చెప్పించడం.
>
> 10–12 ఏళ్లు: చిత్రగ్రీవం, బ్లాక్ బ్యూటీ, కాజిరంగా ట్రెయిల్. రోజుకో అధ్యాయం.
>
> 12 దాటాక: జాక్ లండన్, సీటన్ తోడేలు, కర్వాలో, ఆండర్సన్, కార్బెట్.

చివరగా జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక విన్నపం. జనవరి వస్తే పడమటి పల్లెల్లో మళ్లీ బండ్లు కదులుతాయి. పుస్తకం ఇచ్చిన కొద్ది రోజుల్లో తిరిగివ్వాలన్న నిబంధన ఆ పిల్లలకు పనికిరాదు. సుగ్గికి పోయే ప్రతి పిల్లవాడికి, పిల్లకు రెండు కథల పుస్తకాలు సంచిలో పెట్టి పంపాలి. గడువు ఏప్రిల్ చివరిదాకా ఇవ్వాలి. చిరిగినా, తడిసినా, పోయినా జరిమానా అడగకూడదు. పుస్తకాల ఖర్చు కొద్దిపాటిదే. పేర్లు రాసుకోవడానికి సీజనల్ హాస్టల్ వార్డెన్లు, బడి టీచర్లు సాయం చేస్తారు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో తలా రెండు ఊళ్లలో ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.